గొట్టంలో పద్యం, చెవిలో వీణ

లక్ష రూపాయల దాకా పోసి హెడ్‌ఫోన్లు కొన్నవాడు వాటిని మెచ్చుకోకుండా ఉండటం కష్టం. నేను కొన్నాను. కాబట్టి ఈ వ్యాసంలో నా మాటని ఎంతవరకు నమ్మాలో పాఠకులు ముందే లెక్క వేసుకోవచ్చు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నా చిన్నతనంలో సెలవులన్నీ మైకు గొట్టాల కిందే గడిచాయి. మా మేనమామకి ఆదోనిలో మైకుసెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకి, ఎలక్షన్లకి, ఉరుకుంద ఈరన్న స్వామి తిరునాళ్ళకి, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరకి ఆయన గొట్టాలు అద్దెకి పోయేవి. వాటి వెనకాలే వైరు చుట్టలు మోసుకుంటూ నేనూ పోయేవాణ్ణి. అంటే నా పక్షపాతం ఒకవైపు కాదు, రెండువైపులా ఉంది. అది కొంత నయమే అనుకుంటాను.

బెంగుళూరులో నాకు తెలిసిన శ్రోతల బృందం ఒకటుంది. అందరూ వయసు మళ్ళినవాళ్ళే, ఖరీదైన చెవులవాళ్ళే. వాళ్ళ దగ్గర నేను హారన్ స్పీకర్ అన్నప్పుడు ఇద్దరు నవ్వారు, ఒకాయన మాత్రం నవ్వలేదు. ఆ నవ్వనాయన ఇంట్లో మూలగోడకి ఆనించి నిలబెట్టిన బీరువాల్లాంటి రెండు క్లిప్ష్‌హార్న్‌లు ఉన్నాయి. అమెరికాలో పాల్ క్లిప్ష్ 1946లో మార్కెట్లోకి తెచ్చిన నమూనా అది. బీరువా లోపల గొట్టాన్ని మడతలు పెట్టి, ఆ గొట్టం నోరు చాలనిచోట గది గోడల్నే నోరుగా వాడుకున్నాడాయన. మిగతా ఇద్దరూ నవ్వింది మా మామ గొట్టాల్ని తలుచుకుని. రెండింటిదీ ఒకే కులం అని వాళ్ళకి చెప్పబోయాను, కాఫీ వచ్చింది. ఆ రోజు చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

పొలంలో దూరంగా ఉన్న మనిషిని పిలవాలంటే నోటికి రెండు చేతులూ దొప్పలా పెట్టి కేకేస్తాం. హారన్ అంటే అంతే. గాలి చాలా పల్చనిది. చిన్న పొర దాన్ని నెట్టబోతే విసనకర్రతో నీళ్ళు తోడినట్టు శ్రమలో ఎక్కువ భాగం వృథా. ఆ పొర ముందు సన్నటి గొంతు పెట్టి, దాన్ని క్రమంగా వెడల్పు చేసుకుంటూ పోతే, పొరకి గాలి బరువుగా తగులుతుంది, పట్టు దొరుకుతుంది. మామూలు స్పీకరు తనకిచ్చిన కరెంటులో ఒక శాతం అటూ ఇటూగా మాత్రమే శబ్దంగా మారుస్తుంది. మంచి హారన్ అంతకి పది, ఇరవై రెట్లు మారుస్తుంది. అయిదారు వాట్ల వాల్వు ఆంప్లిఫైయర్ల రోజుల్లో పెద్ద సినిమా హాలుని శబ్దంతో నింపగలిగింది అందుకే. పొర తక్కువ కదిలి పని జరిపిస్తుంది కాబట్టి ధ్వనిలో వికారం కూడా తగ్గుతుంది, పాటలో ఎత్తుపల్లాలు నలగవు. హారన్ ప్రేమికులు ‘సజీవంగా ఉంది’ అంటూ ఉంటారే, ఆ మాటలో సగం కవిత్వమైనా సగం ఈ లెక్కే.

ఇందులో ఇబ్బందల్లా కొలతలతో వస్తుంది. ఏ స్వరాన్నయినా హారన్ సరిగ్గా మోయాలంటే దాని నోటి చుట్టుకొలత ఇంచుమించు ఆ స్వరం అలపొడవంత ఉండాలి. 100 హెర్ట్జ్ ధ్వనికి అలపొడవు 3.4 మీటర్లు. అంటే గొట్టం నోరు మీటరుకి పైగా వెడల్పు ఉండాలి. 40 హెర్ట్జ్‌కైతే రెండున్నర మీటర్లు దాటాలి, అది ఇంట్లో పెట్టుకునే వస్తువు కాదు. మా మామ గొట్టాలు అడుగున్నర వెడల్పు. లెక్క వేస్తే 240 హెర్ట్జ్ కింద వాటికి శక్తి లేదు. మృదంగం కుడి తల వినిపిస్తుంది, ఎడమ తల అడ్రసు ఉండదు. తబలాలో డగ్గా పోయింది. పైకి పోతే 6000 దాటాక తంబురా మెరుపు కూడా పోయింది. మిగిలింది మధ్యభాగం ఒక్కటే.

కానీ మధ్యభాగమే మాట. మగవాడి గొంతు అసలు శ్రుతి ఏ 150 హెర్ట్జ్ దగ్గరో ఉంటుంది, గొట్టం దాన్ని మోయదు. అయినా మనకి పాట శ్రుతి తప్పినట్టు అనిపించదు. పైనున్న అనుస్వరాల మధ్య దూరాన్ని చూసి, లేని అడుగు స్వరాన్ని మన చెవీ మెదడూ కలిసి కట్టుకుంటాయి. మనిషి చెవి అన్నిటికన్నా చురుగ్గా ఉండేది 2000-4000 హెర్ట్జ్ మధ్య. హల్లులు తేటపడేదీ, సాధన చేసిన గొంతు వాద్యాల్ని దాటుకుని వచ్చేదీ అక్కడే. మైకులు లేని కాలంలో పద్యనాటకం నటులు నాలుగున్నర, అయిదు శ్రుతికి హార్మోనియం పెట్టించుకుని చివరి వరస దాకా వినిపించేలా పద్యం ఎత్తారంటే, వాళ్ళు తమ గొంతునే ఒక గొట్టంగా మార్చుకున్నారన్నమాట. తర్వాత గొట్టం వచ్చింది. ఆ గొంతుకీ ఈ గొట్టానికీ జత కుదరడంలో ఆశ్చర్యం లేదు. రాగం పొడుగు తగ్గించి నటన చూడమని పోరిన బళ్ళారి రాఘవ గారు ఇంత దూరం పోయే రాగాలాపన విని ఏమనేవారో! 1953 దాకా మా ఆదోని బళ్ళారి జిల్లాలోదే కాబట్టి ఆయన్ని మావాడే అనుకునే హక్కు మాకుంది.

ఇంకో ఉదాహరణ సన్నాయి. నాదస్వరం స్వయంగా ఒక హారన్. సన్నటి గొంతు, క్రమంగా లావయ్యే కొయ్య, చివర విచ్చుకున్న నోరు. ఊరేగింపుకోసం, ఆరుబయటకోసం పుట్టిన వాద్యం అది. షేక్ చినమౌలానా గారి రికార్డు ఒకటి నా హెడ్‌ఫోన్లలో ఎన్నోసార్లు విన్నాను. ఊపిరీ, పీక తడీ, వేళ్ళు కదలడం కూడా తెలుస్తాయి. కానీ వాద్యం మాత్రం అరచేతిలో పట్టే బొమ్మలా ఉంటుంది. శబ్దం పెంచితే బొమ్మ పెద్దది కాదు, చెవి నొప్పి పుడుతుంది, అంతే. అదే రికార్డుని బెంగుళూరు మిత్రుడి బీరువాల్లో విన్న రోజు గుడి ప్రాకారం దాటుకుని వస్తున్నంత సైజులో వినిపించింది.

ఇప్పుడు హెడ్‌ఫోన్ల వైపు. ఇవీ గొట్టాలూ దాయాదులే. 1910లో నథానియెల్ బాల్డ్‌విన్ అనే ఆయన అమెరికాలోని యూటాలో తన వంటింట్లో హెడ్‌ఫోన్లు తయారుచేసి నౌకాదళానికి అమ్మాడు. 1915లో కాలిఫోర్నియాలో ప్రిడ్‌హామ్, జెన్సెన్ అనే ఇద్దరు తాము చేసిన టెలిఫోను రిసీవరుకి ఫోనోగ్రాఫు బాకా తగిలించి చూస్తే శబ్దం ఊరంతా వినపడింది. తొలి రోజుల రేడియో శ్రోతలు చెవికి పెట్టుకునే రిసీవరునే గొట్టానికి బిగించి ఇంటిల్లిపాదీ వినేవారు. ఒకటే పొర. దాన్ని చెవికి ఆనిస్తే ఒకడికి, గొట్టానికి ఆనిస్తే ఊరికి. ఆ తర్వాత దారులు వేరైపోయాయి. కాస్ కంపెనీ 1958లో స్టీరియో హెడ్‌ఫోన్లు, జపాన్‌లో స్టాక్స్ 1960లో స్థిరవిద్యుత్తుతో కదిలే పల్చటి పొరవి, 2009లో నేను కొన్న రకం సెన్‌హైజర్ హెచ్‌డీ 800. ఇందులో పొర ఉంగరం ఆకారంలో ఉంటుంది, 56 మిల్లీమీటర్లు.

దీని గొప్ప తెలియాలంటే ఈమని శంకరశాస్త్రి గారి వీణ వినాలి. ఒక్క మీటుతో తీగని లాగి, ఆ నాదం చచ్చిపోయే లోపల ఎన్ని స్వరాలు పలికించవచ్చో ఆయన చూపించారు. ఆ నాదం తగ్గుతూ పోతుంటే గమకం ఇంకా నడుస్తూనే ఉంటుంది. గదిలో ఫ్యాను ఉన్నా, వీధిలో ఆటో పోయినా ఆ చివరి భాగం మనకి దక్కదు. స్పీకర్ల ముందు కూర్చుని ‘ఆగిపోయింది’ అనుకున్నచోట హెడ్‌ఫోన్లలో ఇంకా రెండు స్వరాలు మిగిలి ఉంటాయి. ఈ విషయంలో ఏ హారనూ, ఎంత డబ్బు పెట్టినా, వీటి దగ్గరికి రాదని నా నమ్మకం. క్లిప్ష్‌హార్న్ మిత్రుడు దీన్ని ఒప్పుకోడు. ఆయన గదిలో ఏసీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది మరి.

అయితే ఈ సూక్ష్మదృష్టే ఒక్కోసారి వ్యసనమవుతుంది. తొలకరి పడగానే మా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో ఎక్కడెక్కడి జనమో దిగి వజ్రాలకోసం వెతుకుతారు. రోజంతా నడుం వంచి నేలే చూస్తారు. సాయంత్రం వాళ్ళని పైరెట్లా ఉందని అడిగితే చెప్పలేరు. హెడ్‌ఫోన్ల శ్రోతలు కొందరు అలా తయారవుతారు, నేనూ అయ్యాను. పాత పాటలో ఎడిటింగు అతుకు ఎక్కడుంది, వయొలిన్ల వరసలో ఎవరి కుర్చీ కిర్రుమంది అన్నవి దొరుకుతాయి. దొరికినప్పుడల్లా సంతోషం కూడా వేస్తుంది. పాట ఎట్లా ఉందంటే ఆలోచించాల్సి వస్తుంది.

అసలు చిక్కు పాత తెలుగు పాటల్తోనే. డెబ్బైల చివరి దాకా మన సినిమా పాటలూ పద్యాలూ దాదాపు అన్నీ మోనో. ఒకే ధ్వని, ఒకే దారి. దాన్ని రెండు చెవులకీ సమానంగా ఇస్తే మెదడుకి దిక్కు తెలియదు. ఘంటసాల గారు నా నడినెత్తి కింద ఎక్కడో, కపాలం లోపల నిలబడి పాడతారు. ఇది హెడ్‌ఫోన్ల ఖరీదుతో పోయే లోపం కాదు. బయటి ప్రపంచంలో ఏ శబ్దమైనా ఒక చెవికి కొంచెం ముందు, రెండో చెవికి కొంచెం వెనక చేరుతుంది. తల తిప్పితే ఆ తేడా మారుతుంది, దాన్ని బట్టే మనిషి అక్కడున్నాడు అనుకుంటాం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని తల తిప్పితే గాయకుడు కూడా తలతోపాటే తిరుగుతాడు. ఎంత మంచి ధ్వని అయినా అందులో ‘అక్కడ’ అనేది లేదు. లవకుశ (1963) పద్యాలు నా హెడ్‌ఫోన్లలో విన్నప్పుడు ఒక్కో అక్షరం కడిగిన ముత్యంలా ఉంటుంది, కానీ ఎవరో నాకు చెబుతున్నట్టు ఉండదు. నేనే అనుకుంటున్నట్టు ఉంటుంది. ఒకరు మరొకరిని ఉద్దేశించి, వెయ్యి మంది ఎదుట ఎత్తే పద్యానికి అది సరిపడదు.

ఆ పద్యాలు మొదట ఎక్కడ వినపడాలని తయారయ్యాయో గుర్తు చేసుకోవాలి. ఆదోనిలో ఒక పాత టాకీసులో తెర వెనక స్పీకరు మరమ్మతుకి మామ నన్ను వెంట తీసుకుపోయాడు. కింద మనిషెత్తు చెక్కపెట్టె, దాని మీద అరలు అరలుగా చీల్చిన ఇనప హారన్. తెరకి సన్న సన్న చిల్లులు. ఆ చిల్లుల్లోంచే గొంతు వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. బొమ్మ నోట్లోంచి వస్తుందనే అనుకునేవాణ్ణి. మధ్యాహ్నం ఆట మొదలయ్యాక తెర వెనకే నిలబడి పావుగంట విన్నాను. పక్కనే ఉన్నా గీ పెట్టినట్టు లేదు, గొంతు ముందుకి, జనం మీదికి పోతున్నది తెలుస్తోంది. నేను జీవితంలో విన్న అన్ని శబ్దాల్లోకీ మోనో పద్యానికి అంత న్యాయం చేసింది మరొకటి లేదు. చిన్నప్పటి చెవులూ, కరుగుతున్న తారూ, మామ పక్కనుండటం అన్నీ తీసేసి చూసినా ఇదే చెబుతాను.

ఊరి మైకు గొట్టం ఆ టాకీసు హారన్‌కి పేద చుట్టం. దాని లోపాలన్నీ మీకు తెలుసు. వంద మీటర్ల దూరంలో రెండు స్తంభాలకి కడితే ఒకదాని వెనక ఒకటి సెకనులో మూడోవంతు ఆలస్యంగా వస్తుంది, పల్లవి రెండుసార్లు వినిపిస్తుంది. కానీ పొద్దుగూకాక, నేల చల్లబడి పైన గాలి వెచ్చగా ఉండే వేళ, శబ్దం పైకి పోకుండా నేల వైపు వంగుతుంది. మూడు మైళ్ళ అవతల ఊళ్ళో నాటకం ఆడుతుంటే మా మిద్దె మీద పడుకుని వినేవాళ్ళం. పదాలు తెలియవు, హార్మోనియం తెలియదు, పద్యం చివర రాగం తీసేటప్పుడు గొంతు ఒక్కటి గాలితో పాటు వచ్చి పోయేది. దీన్ని ధ్వని నాణ్యత అనను. కానీ సంగీతం వినిపించిందా అంటే వినిపించింది. మా పక్క ఒక రాత్రిలో మూడు భాషలు అలా వచ్చేవి. దర్గా ఉరుసులో కవ్వాలీ, ఆలూరు వైపునుంచి రాజ్‌కుమార్ కన్నడ పాట, మా వీధిలో తెలుగు.

జొన్నగిరికి దగ్గరలోనే ఎర్రగుడి గుట్ట ఉంది, అశోకుడి శాసనాలున్న బండలు. అక్కడ చెక్కినవాటిలో నాలుగో శిలాశాసనం యుద్ధభేరీల చప్పుడు పోయి ధర్మఘోష వచ్చిందని చెబుతుంది. ఏ ఘోషయినా గాని, ఊరందరికీ వినపడాల్సిందే అన్నది మాత్రం మారలేదు! బడిపిల్లలతో పిక్నిక్కుకి పోయినప్పుడు అక్కడ కూడా ఎవరిదో మైకు మోగుతూనే ఉండింది.

ఎందుకంటే గొట్టం అడగదు. దాని గురించి ఇంత మంచి రాశాను గనక ఇది కూడా రాయాలి. మా అవ్వ మంచంలో ఉన్న ఆఖరి వారం ఊళ్ళో దేవర జరిగింది. మా ఇంటెదురు స్తంభానికే గొట్టం కట్టారు. అది మామ గొట్టమే, కట్టింది ఆయన పనివాళ్ళే. అవ్వ చెవుల్లో దూది పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. మామ రాత్రి రెండు గంటలకి నిచ్చెన వేసుకుని ఆ ఒక్క గొట్టం వైరు పీకేశాడు. పొద్దున పెద్దమనుషులు పిలిచి అద్దె కోసుకున్నారు. రాత్రి పదినుంచి పొద్దున ఆరు దాకా మైకు మోగకూడదని 2000లో కేంద్రం నిబంధనలు తెచ్చింది, 2005లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఆ వారానికి మాత్రం అవేవీ లేవు. హెడ్‌ఫోన్లకున్న అతి పెద్ద సుగుణం 56 మిల్లీమీటర్ల పొర కాదు, పక్కగదిలో మనిషి నిద్రపోగలగడం.

మొన్న జూన్‌లో జొన్నగిరి వెళ్ళాను. మామ వ్యాపారం మానేసి అక్కడే కూతురింట్లో ఉంటున్నాడు. నలభై ఏళ్ళు గొట్టాల పక్కన నిలబడ్డందుకు చెవులు పోయాయి. పెద్ద శబ్దం వల్ల వచ్చే చెవుడు ముందు 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల తినేస్తుంది. చెవి ఎక్కడ చురుకో అక్కడే. అందుకే ఆయనకి శబ్దం వినిపిస్తుంది, మాట తెలియదు. నా హెడ్‌ఫోన్లు ఆయన తలకి పెట్టి పద్యం ఒకటి వినిపించాను. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

“ఎట్లుంది మామా?” అని చేత్తో సైగ చేశాను.

“మెత్తగుందప్పా. పరుపు మీద పండుకున్నట్ల. ఏం పాడుతుండాడో తెల్యాల్యా.”

శబ్దం పెంచితే తెలియవచ్చు, కానీ ఉన్న చెవి కూడా పోతుంది. పెంచలేదు. పెరట్లో రేకుల కొట్టంలో పాత సామాను ఉంది. యూనిట్లు చాలావరకు కాలిపోయాయి, ఒకటి మాత్రం బతికుంది. చిన్న ఆంప్లిఫైయరుకి తగిలించి, గొట్టం గోడవైపు తిప్పి, అదే పద్యం తక్కువ సౌండులో పెట్టాను. అడుగు లేదు, మెరుపు లేదు. రేకు గరగర ఉంది. మామ స్టూలు జరుపుకుని గొట్టానికి ఆరడుగుల దూరంలో కూర్చున్నాడు. రెండో పాదం దగ్గర పెదాలు కదిపాడు, మూడో పాదం గాయకుడితోపాటే అన్నాడు. గొట్టం ఆయన పోగొట్టుకున్న భాగాన్నే ఎత్తి చూపిస్తోంది కదా. వెనకటికి చెవిటివాళ్ళు చెవిలో పెట్టుకునే బాకా ఇదే, తిరగేసి. కాబట్టి ఇందులో మహత్యమేమీ లేదు. నా బెంగుళూరు మిత్రులు దీన్ని పరీక్షగా ఒప్పుకోరని కూడా తెలుసు.

పద్యం అయిపోతుండగా పక్కింటి ఆమె గోడ మీదుగా తొంగి చూసింది. మా పక్క పొద్దున్నే గొట్టంలో ఘంటసాల గొంతు వినపడిందంటే అది భగవద్గీతే, ఎవరో పోయారనే అర్థం.

“ఎవరప్పా పోయింది?” అంది కంగారుగా.

ఎవరూ లేదక్కా, ఊరికే పాట వింటున్నాం అన్నాను. “ఊరికేనా?” అని నన్నొకసారి, గొట్టాన్నొకసారి చూసి వెళ్ళిపోయింది. మామకి ఆమె వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. ఇంకోటి పెట్టమని వేలితో చూపించాడు. నేను సౌండు ఇంకొంచెం తగ్గించి పెట్టాను.